రెండు నిద్రలైతే నాన్న వస్తాడు: అమ్మానాన్నలు విడిగా ఉంటున్నప్పుడు చిన్నపిల్లల్ని చూసుకోవడం ఎలా

మా పాపకి రెండేళ్ల ఎనిమిది నెలలప్పుడు నేనూ మా ఆయనా విడిగా ఉండటం మొదలుపెట్టాం. ఆయన మియాపూర్‌లో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు, నేను పాపని తీసుకుని మల్కాజిగిరిలో అమ్మావాళ్లింటికి వచ్చేశాను. మొదటి వారం పాప ఏమీ అడగలేదు. చిన్నపిల్ల కదా, దానికేం తెలుస్తుంది అన్నారు అందరూ, నేనూ అదే అనుకున్నాను. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో సాయంత్రం కింద ఎవరో స్కూటర్ ఆపిన చప్పుడైంది. పాప నోట్లో ముద్ద ఉండగానే లేచి పరిగెత్తి, తలుపు దగ్గర మా నాన్నగారి చెప్పులు రెండూ తీసి పక్కపక్కన పెట్టి, గోడకి ఆనుకుని నిలబడింది. పాత ఇంట్లో వాళ్ల నాన్న ఆఫీసు నుంచి వచ్చే టైమ్‌కి ఇంట్లో వేసుకునే చెప్పులు తెచ్చి పెట్టడం దాని డ్యూటీ. పైకి ఎవరూ రాలేదు. అది ఏడవలేదు కూడా. నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని చాలాసేపు తలుపు వైపే చూసింది.

అడగకపోవడం అంటే తెలియకపోవడం కాదు. రెండేళ్ల పిల్లకి అడగడానికి మాటలు లేవు, అంతే. ఇలాంటి స్థితిలో ఉన్న అమ్మలూ నాన్నలూ చాలామంది నాతో మాట్లాడుతుంటారు, అందుకే నేను చేసిన తప్పులతో సహా, ఏం చేస్తే పిల్ల కుదుటపడుతుందో ఇక్కడ రాస్తున్నాను. ఇది ముఖ్యంగా ఆరేళ్ల లోపు పిల్లల గురించి. పెద్దపిల్లల సంగతి వేరు.

ఒక్క మాట ముందే చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చిన్నపిల్లకి మీరెందుకు విడిపోయారో అక్కర్లేదు. వెళ్లేవాళ్లు చెప్పి వెళ్లాలి, వస్తామన్నవాళ్లు ఆ టైమ్‌కి రావాలి. మీ మధ్య మిగతావి ఎన్ని చెడినా ఈ రెండూ నిలబెట్టండి.

బెంగ అంటే ఏంటి

మన ఇళ్లల్లో ఈ మాట ఎప్పటి నుంచో ఉంది. అమ్మ ఊరెళ్తే పిల్లాడు బెంగపెట్టుకున్నాడు అంటాం, బెంగతో జ్వరం వచ్చింది అంటాం. డాక్టర్లు దీని వెనక ఉన్నదాన్ని అటాచ్‌మెంట్ అంటారు, అంటే తనని చూసుకునే మనిషితో బిడ్డకి పడే ముడి. ఈ విషయం మీద మొదట గట్టిగా పనిచేసినవాళ్లలో బ్రిటన్‌కి చెందిన జాన్ బౌల్బీ ఒకరు, 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఆయన రాసిచ్చిన నివేదిక తర్వాతే చాలా దేశాల్లో ఆసుపత్రులూ అనాథాశ్రమాలూ పిల్లల్ని చూసే పద్ధతి గురించి ఆలోచించడం మొదలైంది. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ అనే ఆవిడ బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లల్ని ఒక గదిలో ఆడుకోనిచ్చి, అమ్మని కాసేపు బయటికి పంపి మళ్లీ లోపలికి పిలిచేది. అమ్మ వెళ్లినప్పుడు ఎంత ఏడ్చారన్నదానికన్నా, తిరిగి వచ్చాక పిల్ల ఏం చేసిందన్నది ఆవిడ ఎక్కువగా గమనించింది. అమ్మ దగ్గరికి వచ్చి, ఎత్తుకోమని ఏడ్చి, కాసేపటికి తేరుకుని మళ్లీ బొమ్మల దగ్గరికి పోయే పిల్లకి ముడి గట్టిగా ఉన్నట్టు. అంటే ఏడవడం తప్పు కాదు, మిమ్మల్ని చూసి ఏడవగలగడం మంచి గుర్తు. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

ఎవరైనా విడిచిపోతే భయపడటం పిల్లల్లో ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య మొదలై, ఏడాది, ఏడాదిన్నర వయసులో బాగా ఎక్కువగా ఉండి, మూడేళ్లు వచ్చేసరికి మెల్లగా తగ్గుతుంది. అమ్మానాన్నలు కలిసున్న ఇంట్లో కూడా ఇది ఉంటుంది. మీరు విడిపోయింది సరిగ్గా ఈ వయసులో అయితే, మామూలుగా వచ్చే భయం నిజమే అయినట్టు పిల్లకి అనిపిస్తుంది. అందుకే ఒకటి నుంచి మూడేళ్ల పిల్లల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి.

ఇంకో సంగతి. ముడి అమ్మతో మాత్రమే పడుతుందన్నది నిజం కాదు. 1964లో గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని నెలనెలా చూస్తూ వచ్చిన ఒక అధ్యయనంలో, ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలు ఒకరికన్నా ఎక్కువమందిని గట్టిగా పట్టుకుని ఉన్నారని తేలింది, నాన్న, అమ్మమ్మ, అన్నయ్య, ఇలా. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన మనకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ విడిపోయేటప్పుడు మాత్రం మర్చిపోతాం. నాన్నతో పాటు నానమ్మ, తాతయ్య, బాబాయి, అత్త, ఆ పక్కింటి ఆంటీతో సహా ఒక్కరోజులో పిల్ల లెక్కలోంచి పోతారు. మా పాపకి రోజూ మధ్యాహ్నం అన్నం పెట్టి పడుకోబెట్టింది వాళ్ల నానమ్మ. నాకు ఆవిడ మీద కోపం ఉంది, ఇప్పటికీ కొంత ఉంది, అయినా నెలకి రెండుసార్లు పాపని ఆవిడ దగ్గరికి పంపడం మొదలుపెట్టాక పాప మధ్యాహ్నం నిద్ర మళ్లీ దారిలో పడింది.

దొంగచాటుగా వెళ్లకండి

మా అమ్మ మంచి మనసుతోనే చెప్పింది: "నువ్వు వెళ్లడం చూస్తే ఏడుస్తుందే, టీవీ పెడతాను, అది చూస్తుండగా వెళ్లిపో." నేను మూడు వారాలు అలాగే చేశాను. పాప ఏడుపు నాకు వినపడలేదు కాబట్టి నాకు బాగానే ఉండేది. కానీ తర్వాత పాప నన్ను బాత్రూమ్‌కి కూడా వెళ్లనివ్వలేదు. తలుపు వేస్తే బయట కూర్చుని కింది సందులోంచి వేళ్లు లోపలికి పెట్టేది. రాత్రి నిద్రలో నా నైటీ పిడికిట్లో పట్టుకునేది, నేను పక్కకి తిరిగితే లేచేది. తన దృష్టిలో ఒక మనిషి చెప్పకుండా మాయమయ్యాడు, రెండో మనిషి కూడా ఏ నిమిషంలోనైనా మాయం కావచ్చు, కాబట్టి కాపలా కాయాలి.

మార్చింది ఒక్కటే. పొద్దున చెప్పులేసుకున్నాక పాప ముందు కూర్చుని, కళ్లల్లోకి చూసి, రోజూ అవే మాటలు చెప్పేదాన్ని: "అమ్మ ఆఫీసుకెళ్తోంది. నువ్వు అమ్మమ్మ దగ్గర అన్నం తిని, బజ్జుని, లేచి పాలు తాగాక అమ్మ వచ్చేస్తుంది." ముద్దు పెట్టి వెళ్లిపోవాలి. ఏడుస్తుంది. ఏడుస్తుందని మళ్లీ వెనక్కి రావడం, మెట్ల మీద నిలబడి వినడం, ఇంకోసారి ఎత్తుకోవడం చేయకండి, అది ఇద్దరికీ ఇంకా కష్టం. ఎత్తుకుని ఓదార్చడానికి అమ్మమ్మ పక్కన సిద్ధంగా ఉండాలి. మొదటి నాలుగైదు రోజులు మా పాప ఘోరంగా ఏడ్చింది, రెండో వారం చివరికి గేటు దగ్గర టాటా చెప్పడం మొదలుపెట్టింది. బాత్రూమ్ కాపలా పోవడానికి మాత్రం ఇంకో రెండు నెలలు పట్టింది.

ఇదే నియమం నాన్నలకీ. ఆదివారం సాయంత్రం వరకు ఆడించి, పిల్ల కార్టూన్ చూస్తుండగా తలుపు మెల్లగా వేసుకుని పోవద్దు. పిల్ల నిద్రపోతుండగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కారులో మార్చేయడం కూడా ఇలాంటిదే. నాన్న పక్కన పడుకున్న పిల్ల కళ్లు తెరిచేసరికి వేరే గది, వేరే దుప్పటి, నాన్న లేడు. ట్రాఫిక్ లేని టైమ్ అని చాలామంది రాత్రి తొమ్మిదింటికి పంపుతారు. సాయంత్రం ఐదింటికి, పిల్ల మెలకువగా ఉండగా, చూస్తూ ఉండగా మార్చండి.

నాన్న ఎక్కడ అంటే ఏం చెప్పాలి

మనం ఎక్కువగా చెప్పే మాట "ఊరెళ్లాడు". నేనూ చెప్పాను. ఊరెళ్లిన మనిషి సంచితో తిరిగి రావాలి కదా, పిల్ల ఎదురుచూస్తుంది. అంతకన్నా ముఖ్యం, రెండు నెలల తర్వాత మా కజిన్ పెళ్లికి నేను ఒక్క రోజు వరంగల్ వెళ్లాల్సి వచ్చి "అమ్మ ఊరెళ్లొస్తుంది" అన్నాను. పాప మొహం తెల్లబోయింది. ఆ మాటకి తన దగ్గర ఉన్న అర్థం వేరు: ఊరు అంటే వెళ్లినవాళ్లు రాని చోటు. ఆ పెళ్లికి నేను వెళ్లలేదు.

నిజం చిన్న మాటల్లో చెప్పండి. "నాన్న ఇప్పుడు వేరే ఇంట్లో ఉంటున్నాడు. నువ్వు అమ్మతో ఇక్కడ ఉంటావు. శనివారం నాన్న వచ్చి నిన్ను తీసుకెళ్తాడు. నాన్నకి నువ్వంటే ఇష్టం, అమ్మకీ ఇష్టం." ఇంతే. మూడేళ్ల పిల్లకి ఇంతకన్నా ఎక్కువ చెప్తే గందరగోళం. వీలైతే ఇద్దరూ కలిసి కూర్చుని ఒకేసారి చెప్పండి, కుదరకపోతే ఇద్దరూ అవే మాటలు వాడాలని ముందే అనుకోండి. ఒకసారి చెప్తే అయిపోదు, అదే ప్రశ్న నలభైసార్లు వస్తుంది, అన్నం తింటుంటే వస్తుంది, మెట్రోలో వస్తుంది, నలభైసార్లూ అదే జవాబు చెప్పాలి. పిల్ల కొత్త సంగతి కోసం అడగడం లేదు, జవాబు మారలేదు కదా అని చూసుకుంటోంది.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల దగ్గర ఇంకోటి కలపాలి. ఈ వయసులో ఏది జరిగినా తన వల్లే జరిగిందని అనుకుంటారు. "నేను పాలు ఒలకబోశాను కదా, అందుకే నాన్న వెళ్లిపోయాడు" లాంటిది లోపల ఉంటుంది, బయటికి చెప్పరు. మీరే అనండి, పిల్ల అడగకపోయినా: "ఇది పెద్దవాళ్ల విషయం, నువ్వు చేసిన పని వల్ల కాదు." నెలకోసారైనా అనండి. మీరు ఏడుస్తుంటే పిల్ల చూస్తే దాచకండి, "అమ్మకి బాధగా ఉంది, నీ వల్ల కాదు, కాసేపట్లో తగ్గుతుంది" అని చెప్పి, తగ్గాక "ఇప్పుడు బాగానే ఉంది" అని కూడా చెప్పండి. మిమ్మల్ని ఓదార్చే పని మాత్రం పిల్లకి ఇవ్వకండి. దానికి అక్కనో స్నేహితురాలినో వెతుక్కోండి.

శనివారం అంటే పిల్లకి అర్థం కాదు, అందుకే మేం నిద్రలు లెక్కపెడతాం. "ఇంకా రెండు నిద్రలైతే నాన్న వస్తాడు." గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, నాన్న వచ్చే గళ్లల్లో ఒక స్టిక్కర్ అంటించి, రోజూ పడుకునే ముందు ఆ రోజు గడిని పిల్లతోనే పెన్సిల్‌తో కొట్టించండి. మా పాప స్కూటర్ బొమ్మ స్టిక్కరే కావాలంది.

రెండు ఇళ్లు, ఒక దుప్పటి

బాగా చిన్నపిల్లలకి, అంటే మూడేళ్ల లోపు, పదిహేను రోజులకోసారి రెండు రోజులు ఉంచుకోవడం కన్నా వారానికి రెండు మూడుసార్లు రెండేసి గంటలు కలవడం మేలు. వాళ్ల జ్ఞాపకం చిన్నది, ఎడం ఎక్కువైతే ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి అలవాటు పడాలి. మియాపూర్ నుంచి మల్కాజిగిరి దాకా రోజూ రావడం ఎవరి వల్లా కాదు, ఆ కష్టం నాకు తెలుసు. మా ఆయన బుధవారం ఆఫీసు నుంచి త్వరగా బయల్దేరి వచ్చి పాపకి అన్నం తినిపించి, స్నానం చేయించి వెళ్లేవాడు. ఆ గంటన్నర, నెలకోసారి జూపార్కుకి తీసుకెళ్లడం కన్నా ఎక్కువ పనిచేసింది. నాన్నలకి నా మనవి: ప్రతి ఆదివారం మాల్, ఐస్‌క్రీమ్, కొత్త బొమ్మ అక్కర్లేదు. అన్నం కలిపి పెట్టండి, గోళ్లు కత్తిరించండి, జ్వరం వస్తే పక్కన కూర్చోండి. ముడి ఆ పనుల్లోనే పడుతుంది.

పడుకునే ముందు చేసేవి రెండు ఇళ్లల్లోనూ ఒకే వరసలో ఉంటే సగం పని అయిపోయినట్టే. పాలు, పళ్లు తోమడం, ఒక కథ, లైటు ఆర్పడం. ఇద్దరూ మాట్లాడుకోలేకపోతే వాట్సాప్‌లో ఈ నాలుగు లైన్లు రాసి పంపుకోండి, ఇంకేం రాయకండి. పిల్లతో పాటు వాసన ఉన్న వస్తువు ఒకటి తిరగాలి. మా పాపకి నా పాత కాటన్ చున్నీ. దాన్ని తరచూ ఉతకకండి, ఉతికితే అందులో అమ్మ ఉండదు. డోనాల్డ్ వినికాట్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టర్ ఇలాంటి గుడ్డముక్క గురించి 1950ల్లోనే రాశాడు, అమ్మ దగ్గర లేనప్పుడు పిల్ల తనంతట తాను నిలదొక్కుకోవడానికి అది ఊతం అని. ఇంత పెద్దదానివి, ఇంకా ఆ గుడ్డ ఏంటి అనేవాళ్లని పట్టించుకోకండి.

నాన్న దూరంగా, బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటే వీడియో కాల్ మీదే ఆధారపడాలి. రెండేళ్ల పిల్ల ఫోన్ ముందు కూర్చుని మాట్లాడదు, "నాన్నకి హాయ్ చెప్పు" అని బలవంతం చేస్తే పారిపోతుంది. ఫోన్‌ని డబ్బాకి ఆనించి పెట్టి, పిల్ల ఇడ్లీ తింటుంటే అటు నాన్న కూడా ఏదో తింటూ కూర్చోవచ్చు, బొమ్మల పుస్తకం పేజీలు తిప్పి చూపించవచ్చు. ఐదు నిమిషాలు చాలు, కానీ రోజూ అదే టైమ్.

ఒకేసారి అన్నీ మార్చకండి. ఇల్లు మారింది, నాన్న లేడు, జూన్ వచ్చిందని ప్లేస్కూల్, అదే నెలలో డైపర్ మాన్పించడం, ఇన్ని ఒకేసారి వద్దు. మానేసిన పక్క తడపడం, వేలు చీకడం, మళ్లీ పసిపిల్లలా మాట్లాడటం వస్తాయి, తిట్టకపోతే కొన్ని వారాల్లో పోతాయి. స్కూల్లో టీచర్‌కీ ఆయమ్మకీ విషయం చెప్పండి, వివరాలు అక్కర్లేదు, "ఇంట్లో కొంచెం మార్పులున్నాయి, పాప ఎలా ఉందో చెప్తూ ఉండండి" అంటే చాలు. మా ఆయమ్మ ఒకరోజు గేటు దగ్గర చెప్పింది: "పాప ఇయ్యాల ఎవ్వరితోని ఆడలేదమ్మా, బ్యాగు పట్టుకునే కూసున్నది." బ్యాగు దించితే ఇంటికి తీసుకెళ్లడం మర్చిపోతారని దాని భయం. తర్వాత నుంచి ఆవిడే పొద్దున బ్యాగుని పాపకి కనపడే మేకుకి తగిలించి, "అమ్మ ఒచ్చినంక తీద్దాం" అని చెప్పేది.

నాన్న దగ్గర నుంచి వచ్చి ఏడిస్తే

ఆదివారం రాత్రి పిల్ల తిరిగొచ్చి కింద పడి దొర్లి ఏడుస్తుంది, నన్ను కొడుతుంది. వెంటనే మనకి అక్కడ ఏదో జరిగిందనిపిస్తుంది, పిల్ల నాన్న దగ్గరికి వెళ్లనంటోంది అని లాయర్‌కి ఫోన్ చేయాలనిపిస్తుంది. చాలాసార్లు అది మార్పు వల్ల వచ్చే అలసట. పైన చెప్పాను కదా, పిల్ల ఎవరి దగ్గర ధైర్యంగా ఉంటుందో అక్కడే ఏడుస్తుంది. రాగానే ప్రశ్నలు వేయకండి, "నాన్న ఏం పెట్టాడు, ఎవరొచ్చారు, ఏమన్నారు" అసలొద్దు. స్నానం, పెరుగన్నం, చున్నీ, నిద్ర. సోమవారం పొద్దున తనే చెప్తుంది.

దెబ్బలు, పిల్ల ఒంటి మీద చేయకూడని చోట చేతులు వేశారని చెప్పడం, ఒక మనిషి పేరు వినగానే వణకడం, ఇవి అలసట కాదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో మిమ్మల్ని కొట్టి ఉంటే పైన నేను రాసిన కలిసి కూర్చోవడాలు మీకు వర్తించవు, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, కలవడం ఎలా అన్నది కోర్టు ద్వారా, వేరేవాళ్ల సమక్షంలో ఏర్పాటు చేసుకోవచ్చు.

అసలు ఏడవని పిల్ల గురించి కూడా చెప్పాలి. బౌల్బీతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రుల్లో అమ్మానాన్నలకి దూరంగా ఉన్న చిన్నపిల్లల్ని చూసి, మొదట ఏడ్చి గోల చేస్తారని, తర్వాత నీరసపడి మూలన కూర్చుంటారని, ఆ తర్వాత ఎవరొచ్చినా ఎవరు పోయినా పట్టనట్టు ఉంటారని గమనించాడు. ఆ మూడో దశని చూసి మన ఇళ్లల్లో "అలవాటు పడిపోయింది" అంటారు. నాన్న ఎదురుగా వచ్చినా మొహం తిప్పుకుంటే, తిండి తగ్గితే, వచ్చిన మాటలు పోతే, ఆడటం మానేస్తే, ఇవి నెలకి పైగా సాగితే పిల్లల డాక్టర్‌కి చూపించండి. హైదరాబాద్‌లో లక్డీకాపూల్ దగ్గర నీలోఫర్ పిల్లల ప్రభుత్వ ఆసుపత్రి, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, మీ టెన్షన్ గురించి కూడా చెప్పుకోవచ్చు.

చుట్టాలు, కోర్టు

"నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?" మనమంతా ఈ ప్రశ్న విని పెరిగినవాళ్లమే, మామూలప్పుడు అది సరదా. ఇప్పుడు పిల్లకి అది పరీక్ష, ఏ జవాబు చెప్పినా ఒకరిని పోగొట్టుకుంటుంది. ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి, ఈ ప్రశ్న వద్దని, "మీ నాన్న నిన్ను వదిలేసి పోయాడు" అన్న మాట అసలే వద్దని. పెళ్లిళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు పిల్ల తడుముకోకుండా మీరే ముందు "వాళ్ల నాన్న శనివారం వస్తారండీ" అని మాట మార్చేయండి.

కోర్టు గురించి క్లుప్తంగా. హిందూ కుటుంబాలకి 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని ఉంది, కానీ అన్నిటికన్నా పైన పిల్ల మేలు అని కూడా అదే చట్టం అంటుంది. తల్లి దగ్గర ఉండటం అంటే తండ్రిని కలవనివ్వకపోవడం కాదు. 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో పిల్లకి ఇద్దరి ప్రేమా పొందే హక్కు ఉందని, దూరంగా ఉన్నవాళ్లకి వీడియో కాల్ ఏర్పాటైనా ఉండాలని చెప్పింది. పరస్పర అంగీకారంతో విడాకులకి వెళ్తుంటే, పిల్లని కలిసే రోజులూ గంటలూ పండగలూ అన్నీ కాగితం మీద రాయించండి, "వీలునిబట్టి" అని వదిలేయకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, నంబరు 15100.

వస్తానన్న మనిషి రాకపోతే

ఒక శనివారం మా పాప పది గంటలకే బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుంది. పదకొండయింది, పన్నెండయింది. బూట్లు విప్పడానికి ఒప్పుకోలేదు, మెట్ల మీదే రెండు ముద్దలు తిని, అక్కడే గోడకి తల ఆనించి నిద్రపోయింది. ఆయనకి ఆఫీసు పని పడిందట, రెండింటికి మెసేజ్ వచ్చింది. ఆ కోపంలో నేను అన్న మాటలు పాప విన్నది, అది నా తప్పు.

తర్వాత మేమిద్దరం ఒక్క ఒప్పందం చేసుకున్నాం. ఆయన ఇంటి నుంచి బయల్దేరాక మెసేజ్ పెడతాడు, ఆ మెసేజ్ వచ్చాకే నేను పాపకి బూట్లు తొడుగుతాను. రాలేకపోతే పొద్దున్నే ఆయనే ఫోన్ చేసి పాపకి తన నోటితో చెప్పాలి, ఎప్పుడొస్తాడో కూడా చెప్పాలి. నేను ఆయన తరఫున సాకులు చెప్పను, ఆయన్ని తిట్టను కూడా. "నాన్న ఈరోజు రావట్లేదు, నీకు బాధగా ఉంది కదా" అని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను, ఏడ్చినంతసేపు ఏడవనిస్తాను. తర్వాత క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, ఆ గడిలో స్టిక్కర్ పీకి, ఆయన చెప్పిన కొత్త రోజు మీద అంటించి, అక్కడి దాకా ఎన్ని నిద్రలో వేలు పెట్టి లెక్కపెడతాం.